నోటికొచ్చిన చదువు

మా అమ్మాయి ఒకటో క్లాసు టీచర్ పోయారు.

ఆ కబురు వచ్చేసరికి నేను డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు ఉన్నాను. తెర మీద ఒక అత్తగారు కోడల్ని తిడుతోంది, ఆ తిట్లన్నీ నా గొంతుతో తిడుతున్నాను. ఫోను లోపలికి తేకూడదు, అయినా తెస్తాను. కాగితాలు పెట్టుకునే స్టాండు మీద అది వెలిగింది. పాత స్కూలు తల్లుల గ్రూపులో ఎవరో రెండు ముక్కలు రాశారు. నిన్న చర్చి నుంచి వచ్చి అన్నం తిని పడుకున్నారట, మళ్ళీ లేవలేదట. ముందురోజు శనివారం దాకా క్లాసు చెప్పారట.

"ఏమైందక్కా, లిప్ పోయింది," అన్నాడు అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు. తెర మీది పెదవులకూ మన మాటకూ పొత్తు కుదరకపోతే మా దగ్గర అలా అంటారు. అత్తగారి నోరు కదులుతూనే ఉంది, నా నోట మాట రావడం లేదు. కాసిన్ని నీళ్ళు తాగి, ఆ సీను పూర్తిచేసి బయటికొచ్చాను. ఆపకుండా పూర్తిచేశానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. కానీ ఈ నాలుగు మాటలూ సిగ్గు దాచుకోకుండా రాద్దామనే కూర్చున్నాను.

మీలో ఎవరైనా కృష్ణానగర్‌లో అద్దెకుండి ఉంటే ఆ స్కూలు చూసే ఉంటారు. కింద సినిమా బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం, పైన రెండంతస్తుల్లో బడి. ఒకటో క్లాసు మొదటి అంతస్తులో, మెట్ల పక్కన. వేసవిలో కింది నుంచి ఇస్త్రీ వేడి, కిటికీలోంచి ఎండ వేడి. ఆ రెండింటి మధ్య ఆవిడ పాతికేళ్ళకు పైగా పిల్లలకు అక్షరాలు దిద్దించారు. నరసాపురం వైపు మనిషి, పెళ్ళి చేసుకోలేదు. నూలు చీర, చేతికి గడియారం, అది కూడా ముంజేతికి లోపలి వైపు తిప్పుకుని. "గడియారం పైకి కనిపిస్తే పిల్లలు దాన్నే చూస్తారండీ, నన్ను చూడరు," అనేవారు.

ఆ క్లాసులో పిల్లలంతా మావాళ్ళే. డాన్సర్ల పిల్లలు, లైట్‌మెన్ పిల్లలు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టుల పిల్లలు. తప్పు చెబితే "టీచర్, ఇంకో టేక్," అనేవాళ్ళు. ఇంకో టీచరైతే నెత్తిన మొట్టేది. ఈవిడ మాత్రం "తీసుకో నాన్నా, ఇక్కడ రీలు అయిపోదు," అనేవారు.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. అప్పటికే రెండు సీరియళ్ళలో చేసింది. సెట్లో దాన్ని సింగిల్ టేక్ పాప అనేవాళ్ళు. సీరియల్ షూటింగంటే మీకు తెలిసే ఉంటుంది, కెమెరా పక్కన నిలబడి అసిస్టెంటు డైలాగు అందిస్తుంటాడు, నటులు విని చెబుతుంటారు. ప్రాంప్టింగ్ అంటారు దాన్ని. పెద్ద పెద్దవాళ్ళు కూడా మూడుసార్లు అందిస్తే గానీ చెప్పలేని డైలాగును ఇది ఒక్కసారి విని, ఏడవాల్సిన చోట ఏడ్చి, ఆగాల్సిన చోట ఆగి చెప్పేసేది. దూరమైతే పెదవుల కదలిక చూసి కూడా పట్టేసేది. మావారు ఫైట్లు చేసేవారు, మోకాలు విరిగాక ఇంటిపట్టునే ఉన్నారు. నాకా, గొంతులో కాయలాంటిది లేచిందనీ తక్కువ మాట్లాడమనీ డాక్టరు చెప్పాడు. మాటే కూడైన దానికి ఆ మాట చెప్పడం ఎంత తేలికో. కాబట్టి ఇంట్లో ఆ పిల్ల జ్ఞాపకశక్తి అంటే మాకు ఎంత గర్వమో అంత అవసరం కూడా.

బడి పాఠాలకూ అదే పద్ధతి. ఆటోలో ఫిల్మ్‌నగర్ వెళ్ళేటప్పుడు తెలుగు వాచకం తీసి నేను ఒకసారి చదివేదాన్ని. అది వినేది. మర్నాడు క్లాసులో నిలబడి, పుస్తకం చేతిలో పట్టుకుని, సరిగ్గా పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతూ మొత్తం చెప్పేది. ఆగస్టు పదిహేనుకు ప్రిన్సిపాల్ దానిచేత స్టేజీ మీద పాఠం చదివించారు. నేను కింద కూర్చుని చప్పట్లు కొట్టాను. టీచర్ కొట్టలేదు. గడియారం చేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఈవిడకు కుళ్ళేమో అనుకున్నాను, నిజం చెబుతున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులకు కబురు పెట్టారు. వెళ్ళాను. పిల్లలంతా వెళ్ళిపోయారు, మా అమ్మాయి బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది.

"మీ పాపకి చదవడం రాదండీ," అన్నారు టీచర్.

నాకు ఒళ్ళు మండింది. "గదేంది టీచర్? పుస్తకం పుస్తకం అప్పజెప్తది గదా. మొన్న స్టేజీ మీద మీరు గూడ విన్నరు. నా బిడ్డకు సదువు రాదంటరా?"

"అప్పజెప్తుంది. నేనూ అదే అంటున్నానండీ."

వాచకం తీశారు. ఆవు పాఠం పేజీ మీద బొమ్మకు తెల్ల కాగితం ముక్క అతికించి ఉంది. పాప చేతికిచ్చి చదవమన్నారు. మా అమ్మాయి పేజీని ఒక క్షణం చూసింది, గొంతు సవరించుకుంది, పిల్లి పాఠం మొదలుపెట్టింది. ఒక్క తప్పు లేదు. పిల్లి పాలు తాగే చోట గొంతు తగ్గించింది, పిల్లి గెంతే చోట కళ్ళు పెద్దవి చేసింది. వేలు మాత్రం ఆవు పాఠం అక్షరాల కింద వరసగా నడుస్తోంది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

"బొమ్మ చూసి ఏ పాఠమో పోల్చుకుంటుంది. మిగతాది మీ గొంతు. మీరెక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడే తనూ తీసుకుంటుంది," అన్నారు టీచర్. వాచకం మూసి, "నోటికొచ్చిన చదువు పడిశం పడితే పోతుందండీ. కంటికి రావాలి," అన్నారు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనేదేనట, తర్వాత తెలిసింది. గొంతులో కాయతో నిలబడ్డ నాకు మాత్రం అది నా కోసమే అన్నట్టు తగిలింది.

ఆవిడ అడిగింది ఒక్కటే. ఒక వారం. సోమవారం నుంచి శనివారం దాకా షూటింగ్ లేకుండా, సగం పూట సెలవు లేకుండా, పాప రోజూ క్లాసులో ఉండాలి. నన్నూ వచ్చి కూర్చోమన్నారు. "ఇంట్లో మీరు పాఠం చదివి వినిపించకూడదు. ఇక్కడ చూస్తే అది ఎందుకో మీకే తెలుస్తుంది," అన్నారు. అంతవరకూ మా పిల్ల బడిలో వరసగా మూడు రోజులకు మించి లేదని అప్పుడు గానీ నాకు గుర్తుకు రాలేదు. అయిన కాడికి డేట్లు సర్దుకుని, మేనేజరుకు పిల్లకు జ్వరమని అబద్ధం చెప్పి, ఆ వారం ఇచ్చాను.

సోమవారం నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఆరేళ్ళ పిల్లల బెంచీ, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మా అమ్మాయిని మొదటి వరసలో, నాకు వీపు కనిపించేలా కూర్చోబెట్టారు. "మిమ్మల్ని చూస్తే పాప పుస్తకం చదవదు, మిమ్మల్నే చదువుతుంది," అన్నారు. ఆ రోజంతా వస్తువుల పేర్లు. అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు తలుపు, కిటికీకి కిటికీ, మూలనున్న చీపురుకు చీపురు అని పిల్లలచేతే అతికించారు. మా అమ్మాయి అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చెప్పింది. ఇంతోటి దానికి వారం ఎందుకు అనుకున్నాను.

మంగళవారం వెళ్ళేసరికి ఆవిడ ఆ అట్టలన్నీ తారుమారు చేసి పెట్టారు. లోపలికొచ్చిన పిల్లలు గొల్లుమన్నారు. "టీచర్, తలుపు మీద గడియారం అని ఉంది!" "టీచర్, బల్లని కిటికీ అంటోంది!" ఎవరికి కనిపించిన తప్పు వాళ్ళు పీకి సరైన చోట అతికించాలి. అదీ ఆట. మా అమ్మాయి కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడ చీపురు అని ఉంది. మూడక్షరాలు. అది ఒక్కో అక్షరం కిందా వేలు పెట్టి, "కి, టి, కీ," అని చదివింది. మూడక్షరాలకూ మూడూ సరిపోయాయి. వేలు ఎక్కడా తడబడలేదు.

క్లాసంతా నవ్వింది. మా అమ్మాయి తనేదో కామెడీ పండించాననుకుంది. వెనక్కి తిరిగి, చేతులు జోడించి, వంగి నమస్కారం పెట్టింది. టీచర్ నవ్వలేదు, కసరలేదు. "ఊఁ, ఇంకోసారి," అన్నారంతే. ఆవిడ దగ్గర వెరీగుడ్డూ లేదు, బ్యాడ్డూ లేదు, ఊఁ ఒక్కటే. అందులోనే రకాలుండేవి, పిల్లలకు తెలిసేవి.

బుధవారం చింతగింజలు. నేల మీద సుద్దముక్కతో గీసిన అక్షరం మీద గింజలు పేర్చాలి. మిగతా పిల్లలు వాళ్ళ పేర్లు పేరుస్తుంటే మా అమ్మాయికి రెండక్షరాలే ఇచ్చారు. గ ఒకటి, ద ఒకటి. ద నెత్తిన గుడి పెడితే ది. అంతే, ఆ పూటంతా అంతే. పావుగంటకు విసిగిపోయింది.

"టీచర్, నా షాట్ ఎప్పుడు?"

"ఇక్కడ అందరి షాటూ ఒకేసారి తల్లీ. నీదీ నడుస్తోంది, చూసుకో."

మధ్యాహ్నం దాకా పేర్చింది, చెరిపింది, పేర్చింది. ఒకసారి ఏడ్చింది కూడా. ఇంట్లో ఎన్నిసార్లో చూసిన ఏడుపే, సెట్లో చూసిన ఏడుపే, కానీ ఈసారి ముక్కు కారింది. టీచర్ పక్కన చతికిలబడి చీర కొంగుతో ముక్కు తుడిచి, మళ్ళీ గింజలు చేతిలో పోశారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. నేల మీంచి లేవడానికి బల్ల పట్టుకునేవారు. రోజుకు ఎన్నిసార్లు అలా కూర్చుని లేచేవారో నేను ఆ వారం చూశాను. పాతికేళ్ళ మాట తలుచుకుంటే కళ్ళు తిరుగుతాయి.

గురువారం పిల్లలందర్నీ ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేలా నిలబెట్టి సందులోకి తీసుకెళ్ళారు. బోర్డులు చదవడం పాఠం. టిఫిన్ బండి, కుట్టు మిషన్ దుకాణం, కర్రీ పాయింట్. కృష్ణానగర్‌లో గోడలకేం కొదవ, ప్రతి గేటుకూ ఒక బోర్డు. ఆటోలు, బైకులు తప్పించుకుంటూ ఆ వరస పోతుంటే, ఉన్నట్టుండి మధ్యలో ఆగిపోయింది. ఆగింది మా అమ్మాయి. ఒక గేటుకు అట్టముక్క వేలాడుతోంది. 'గది అద్దెకు' అని ఎవరో స్కెచ్ పెన్నుతో వంకరటింకరగా రాశారు.

అది చాలాసేపు చూసింది. వెనకున్న పిల్లలు తోస్తున్నారు. టీచర్ వాళ్ళను చేత్తో ఆపారు.

"గ," అంది మా అమ్మాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. "ది." మళ్ళీ ఏమీ లేదు. "గది."

గొంతులతో బతికేదాన్ని, అందుకే చెబుతున్నాను. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అందులో ఎత్తూ లేదు పల్లమూ లేదు, ముద్దూ లేదు. కొంచెం బొంగురుగా, కొంచెం అనుమానంగా, ఎవరూ అందించని మాట. నా బిడ్డ గొంతు అది. ఆరేళ్ళు పెంచి మొదటిసారి విన్నాను. అక్కడున్న ఒక ఇస్త్రీ బండి పక్కకు వెళ్ళి ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. టీచర్ చప్పట్లు కొట్టించలేదు. "ఊఁ," అని, నడవండి నడవండి అంటూ పిల్లల్ని కదిలించారు. కానీ ఆ ఊఁ ఎలాంటిదో నాకు కూడా తెలిసింది.

శుక్రవారం ఏముంటుందో ఆ సాయంత్రం ఆవిడే చెప్పారు. ఒక్కో పిల్లకూ ఒక్కో చీటీ రాస్తారట. ఆ పిల్ల కోసమే రాసిన ఒక్క వాక్యం, ఎవరి నోటా వినని వాక్యం. పైకి చదవకూడదు, ఎవరికీ చెప్పకూడదు, మనసులో చదువుకుని చీటీలో ఉన్నట్టు చెయ్యాలి. "నోటితో పని లేని చదువు అదొక్కటేనండీ. మీ పాపకి గుప్పెడు మాటలే వచ్చు. వాటితోనే రాస్తాను, శనివారం దాకా ఉంటే చాలు. ఒకసారి అలా చదివిన పిల్ల ఇక ఎవరి మీదా ఆధారపడదు," అన్నారు.

గురువారం రాత్రి తొమ్మిదింటికి మేనేజర్ ఫోను. "అమ్మా, పాపకి జ్వరం తగ్గిందా? హీరోయిన్ గారి డేట్లు మారాయి. పాప సీన్లు రేపూ ఎల్లుండికి లాగేశాం. ఎనిమిదిన్నరకల్లా లొకేషన్‌లో ఉండాలి. లేదంటే చెప్పండి, వేరే పాప రెడీగా ఉంది, మీ ఇష్టం."

మీ ఇష్టం అన్నాడు. చాలామంది ఇలాంటి చోట గత్యంతరం లేక అని రాస్తారు. ఆ రెండు రోజుల సీన్లు పోతే మేము రోడ్డున పడేవాళ్ళమేమీ కాదు. వేరే పాప ఉందన్నాడు, ఆ ఒక్క మాటకు వణికాను. "వస్తం అన్నా," అన్నాను.

పొద్దున్నే చెప్పిపోదామని బడికి వెళ్ళాను. పిల్లను ఆటోలోనే ఉంచాను. టీచర్ అప్పుడే వచ్చి మెట్ల మీద కూర్చుని, చీటీలు మడిచి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తున్నారు.

"రెండు దినాలే టీచర్. సోమవారం నుంచి మళ్ళ వారం మొత్తం పంపిస్త. ఒట్టు."

ఆవిడ ఆటో వైపు చూశారు. మా అమ్మాయి లోపల అప్పుడే డైలాగు వల్లెవేసుకుంటోంది.

"ఆరేళ్ళ పిల్లకి మళ్ళీ వారం అనేది ఉండదండీ," అన్నారు. "నిన్న తలుపు తెరుచుకుంది. తెరిచిన తలుపులోంచి వెంటనే నడవాలి." ఆ తర్వాత, "సరే, వెళ్ళి రండి. పాపకి ఎండ తగలకుండా చూసుకోండి," అన్నారు. తిట్టి ఉంటే ఆగిపోయేదాన్నేమో. ఆవిడకు తిట్టడం రాదు. పాతికేళ్ళుగా మాలాంటి తల్లిదండ్రుల మధ్య ఉండి కూడా రాలేదు.

సోమవారం రాలేదు. సీను బాగా పండిందని పాత్రను పెంచారు. రెండేళ్ళు నడిచింది ఆ సీరియల్. హాజరు అడగని స్కూలు ఒకటి ఎవరో చెబితే అందులోకి మార్చాను. పరీక్షలకు పక్కన కూర్చుని చెప్పడానికి అక్కడ ఒకమ్మాయి ఉండేది. పరీక్షలకూ ప్రాంప్టింగే.

టీచర్ అప్పుడప్పుడు కూరగాయల దగ్గర కనిపించేవారు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఎదురుగా ఏ బోర్డుంటే అది చూపించి, "ఇదేంటి తల్లీ?" అని అడిగేవారు. అది ఏదో చమత్కారం చెప్పి నవ్వించేది. ఆవిడా నవ్వేవారు, నవ్వుతూనే నా వైపు చూసేవారు. మూడోసారో నాలుగోసారో, దూరం నుంచి ఆ నూలు చీర కనబడగానే పిల్లను లాక్కుని పక్క సందులోకి తిరిగాను. మా అమ్మాయి ఎందుకని అడగలేదు. దానికి తెలుసు. ఆవిడ చూశారో లేదో నాకు తెలియదు. చూసే ఉంటారు, పిల్లలు ఎటు తిరిగినా చూసే కళ్ళు అవి.

ఇప్పుడు దానికి పదేళ్ళు. నాలుగో క్లాసు. పోయిన వేసవిలో నేనే కూర్చోబెట్టి నేర్పాలని చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆరేళ్ళప్పుడు ఏడ్చింది, పదేళ్ళకు ఏడవడం లేదు, దాటవేస్తోంది. ఎంత నేర్పుగా అంటే నాకే తెలియదు. "అమ్మా, నువ్వొకసారి చెప్పు, చాలు," అంటుంది. నేను ఒకసారి చెబుతాను. గింజలు కూడా పేర్పించాను. ఫోను కెమెరా పెట్టి, తను గింజలు పేర్చడాన్ని వీడియో తీసుకుంది. గ, ది ఎక్కడికి పోయాయో తెలియదు. గది అని రాసి చూపిస్తే ఒక క్షణం చూసి, "ఇల్లు," అంది. దగ్గరగానే ఉంది కదా అన్నట్టు నవ్వింది.

జూన్‌లో ఆవిడ దగ్గరికి వెళ్దామనుకున్నాను. కాళ్ళ మీద పడైనా ఆ వారం మళ్ళీ అడుగుదామనుకున్నాను. జూన్ వచ్చింది. ఏదో షెడ్యూలు పడింది. వచ్చే నెల అనుకున్నాను. ఆవిడ ఎక్కడికి పోతారు, ఆ మెట్ల పక్క గదిలోనే ఉంటారు కదా అనుకున్నాను.

ఆ గదికి మొన్న వెళ్ళాను. ఆవిడ చోట కొత్త టీచర్ని పెట్టలేదు. గోడకు పెద్ద టీవీ బిగించారు. అందులో ఒకమ్మాయి చక్కటి గొంతుతో పాఠం చెబుతోంది, పిల్లలు తలెత్తి వల్లెవేస్తున్నారు. అలాంటి గొంతులు నేనూ ఎన్నోసార్లు ఇచ్చాను. ఎవరూ బల్ల పట్టుకుని నేల మీంచి లేవడం లేదు. ప్రిన్సిపాల్ ఎంతో సంతోషంగా, "పిల్లలు రెండు రోజుల్లో మొత్తం చెప్పేస్తున్నారమ్మా," అన్నారు.

ఆదివారం చర్చి హాల్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను వెళ్ళకూడదనుకున్నాను. మా అమ్మాయే, "టీచర్ కదమ్మా, వెళ్దాం," అంది. దాదాపు హాలు నిండింది. ఆ సందుల్లో ఆవిడ దగ్గర అక్షరం దిద్దనివాళ్ళు తక్కువ. పెద్దవాళ్ళయిపోయారు, కొందరి చేతుల్లో పిల్లలున్నారు. వరసగా వెళ్ళి మాట్లాడుతున్నారు. అందరూ అదే చెబుతున్నారు, చింతగింజలు, తారుమారు అట్టలు, ఊఁ. ఒకామె తన చీటీలో ఏముందో ఇన్నేళ్ళకూ చెప్పనంది, అందరూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. మా అమ్మాయి కోసం ఏం రాసి ఉండేవారో నేను అప్పుడే మొదటిసారి ఆలోచించాను. ఇక తెలిసే దారి లేదు.

ఆవిడ అక్కగారు నరసాపురం నుంచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. తను రాసుకొచ్చిన కాగితం చదవబోయి రెండుసార్లు మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. చుట్టూ చూసి, మా వరస దగ్గరికి వచ్చారు.

"నువ్వు సీరియల్లో పాపవి కదూ? మా చెల్లి నీ గురించి చెప్పేదమ్మా, సాయంత్రం పూట నీ సీరియల్ చూసేది. ఈ నాలుగు ముక్కలూ నువ్వు చదివి పెట్టమ్మా. నావల్ల కావడం లేదు."

నేను లేచి, నేను చదువుతానండీ అని ఉండాల్సింది. లేవలేదు. అంతమందిలో, ఆవిడ కూడికలో, నా పిల్లకు చదవడం రాదని ఎలా చెప్పను? మా అమ్మాయి అప్పటికే లేచింది. వెళ్ళేటప్పుడు కాగితం ఒక్క క్షణం నా ముందు ఆపింది, ఎప్పటిలాగే. ముత్యాల్లాంటి అక్షరాలు, నాలుగే వాక్యాలు. నేను కళ్ళతోనే చదివేశాను. అది తీసుకుని ముందుకు నడిచింది.

మైకు ముందు నిలబడి కాగితం గుండె ఎత్తున పట్టుకుంది. తలెత్తి నన్ను వెతుక్కుంది. మూడో వరసలో దొరికాను. పెదవులు బిగించుకుని కూర్చున్నాను. అది ఎదురుచూసింది. పాస్టర్ గారు తలూపారు, మొదలుపెట్టమ్మా అన్నట్టు. దాని మెడ దగ్గర నరం కొట్టుకోవడం అంతదూరం నుంచి కనిపించింది.

నా పెదవులు కదిలాయి. శబ్దం లేదు. దానికి శబ్దం అక్కర్లేదు.

"మా చెల్లెలు ఈ సందుల్లో పిల్లల్ని కన్నబిడ్డల్లా చూసుకుంది," అంది మా అమ్మాయి. ఎంత చక్కగా ఆగిందో. "దానికి ఆస్తి లేదు, సంసారం లేదు. మీరే దాని సంసారం." అక్కడ గొంతు చిన్నగా వణికింది, వణకాల్సిన చోటే. ఆడవాళ్ళు కొంగులు తీశారు. నాలుగో వాక్యం అందించకుండా నేను ఆపి ఉండొచ్చు. ఆపలేదు.

"దాని దగ్గర కూర్చున్న ఏ ఒక్క పిల్లా చదవడం రాకుండా వెళ్ళలేదు."

హాలంతా ఏడ్చింది. అక్కగారు దాన్ని కావలించుకుని, "ఎంత బాగా చదివావమ్మా, నా తల్లి. మా చెల్లి వింటే ఎంత పొంగిపోయేదో," అంటూ తల నిమిరారు. మా అమ్మాయి మెల్లగా విడిపించుకుని, వరసల మధ్య నుంచి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చెంపల మీద నీళ్ళున్నాయి. అవి దానివో పాత్రవో నాకు తెలియలేదు. కాగితం నా ఒళ్ళో పెట్టి, చెవి దగ్గరికి వంగి అడిగింది.

"అమ్మా, ఓకేనా?"

"ఓకే," అన్నాను.